ఓడ ఖాళీ అయ్యాక

మా నాన్న మా అమ్మని క్యాంటీన్ అక్క అంటాడు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి పళ్ళెం తెచ్చి ముందు పెట్టగానే, "ఇవాళ రద్దీ తక్కువగా ఉందే అక్కా" అంటాడు. అమ్మ మొదట్లో ఏడ్చింది. తర్వాత తిట్టింది. ఇప్పుడు, "షిఫ్టు మారింది కదయ్యా, అందుకే" అని జవాబు చెప్పి వడ్డించి వెళ్ళిపోతుంది. నన్నయితే ఆయన ఏమీ అనడు. అమ్మకి కనీసం ఒక ఉద్యోగం ఇచ్చాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డ ఎవరో అమ్మాయిని. "ఎవరి కోసమమ్మా?" అని అడుగుతాడు, ఎంతో మర్యాదగా. కన్నకూతుర్ని అంత మర్యాదగా పలకరించే తండ్రి పగవాళ్ళకి కూడా వద్దు.

అయితే రోజుకో గంట నాకూ ఒక పేరుండేది. వీడియో గేమ్ కంట్రోలరు చేతికి అందితే చాలు, ఆయన నడుం నిటారుగా అయ్యేది, కళ్ళలో మనిషి వచ్చి కూర్చునేవాడు. "రావే పడవా, ఎంతసేపు?" అనేవాడు. ఆ ఒక్క పిలుపు నిలబెట్టుకోవడానికి నేను పడ్డ పాట్లే ఇవన్నీ.

పడవ అనే పేరు నా చిన్నప్పటిది. నాన్న రేవులో క్రేన్ ఆపరేటరు. ఓడలో ఉన్నది ఎత్తి ఒడ్డున పెట్టడం, ఒడ్డున ఉన్నది ఎత్తి ఓడలో పెట్టడం, జీవితమంతా ఆ రెండే పనులు. అలాంటి మనిషి ఒకరోజు వీడియో గేమ్ పెట్టె ఒకటి, దానితో ఒకే ఒక్క డిస్కు పట్టుకుని ఇంటికొచ్చాడు. అందులో ఏముందయ్యా అంటే, ఒక రేవు, ఒక ఓడ, ఒక క్రేను, ఒక పడవ. ఇంటికొచ్చి కూడా అదే పనా అని అమ్మ అడిగింది. అక్కడ జీతానికి, ఇక్కడ సరదాకి అన్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

ఇద్దరు కలిసి ఆడే ఆట అది. తెర నిలువునా రెండు ముక్కలు. ఎడమవైపు ముక్కలో క్రేను క్యాబిన్లోంచి కనిపించేదంతా ఉంటుంది: కొక్కెం, ఓడ, నీళ్ళు. ఓడ పక్కన ఆనుకుని ఉన్న పడవ మాత్రం అక్కణ్ణించి కనిపించదు. పడవ, దానిపైన వేలాడే సరుకు కుడివైపు ముక్కలో కనిపిస్తాయి. ఎడమవైపు వాళ్ళు సరుకు దించాలి, కుడివైపు వాళ్ళు సరిగ్గా దాని కిందకి పడవని తేవాలి. టీవీ ఒకటే కాబట్టి పక్కవాళ్ళ ముక్కలోకి ఓ కన్నేస్తే సరిపోతుంది. లోకంలో అందరూ అలాగే ఆడి ఉంటారు. మా నాన్న మాత్రం ఓ అట్టముక్క కత్తిరించి, టీవీ మధ్యలో తలుపురెక్కలా నిలబెట్టి జిగురుతో అంటించాడు. నేను అటు, ఆయన ఇటు.

"క్యాబిన్లో కూర్చున్నవాడికి కింద ఏముందో కనపడదే. కిందున్న మనిషి చెప్పాలి, పైనున్నవాడు వినాలి. చూసుకుంటూ చేస్తే అది పనెలా అవుతుంది?" అన్నాడు. ఆట అనే మాట ఆయన నోట్లోంచి రానే లేదు.

ఆ పెట్టెకి మాట్లాడే శక్తి లేదు. డబడబమని ఒక మోత, సరుకు నీళ్ళలో పడితే బుడుంగుమని ఒక చప్పుడు, అంతే. మాటలన్నీ మేమే పెట్టుకోవాలి. "ఎడమకి, ఇంకొంచెం, ఆపు, దించు" అని నేను గొంతు చించుకునేదాన్ని. సరుకు పడవలో సరిగ్గా కూర్చుంటే, "శభాష్ పడవా" అనేవాడు. బళ్ళో ఎన్ని మార్కులొచ్చినా ఆ శభాష్ దొరికేది కాదు. ఓడ ఖాళీ కాగానే తెర మీద షిఫ్టు ముగిసిందని అక్షరాలు పడేవి. నాన్న కంట్రోలరు కింద పెట్టి, వేళ్ళు విరుచుకుని, అన్నానికి లేచేవాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. రేవులో క్రేను కింద నిలబడి ఆపరేటరుకి సైగలు చేసే మనిషి ఒకడుంటాడు. ఒకసారి సగం ఓడ దించాక ఆ మనిషి టీ తాగడానికి వెళ్తే, ఇంకొకణ్ణి నిలబెట్టారు. ఆ కొత్తవాడు ఆగమని చెయ్యి ఊపాడు. పాతవాడి సైగకి అలవాటుపడ్డ నాన్న దించమన్నాడనుకున్నాడు. కింద పనిచేస్తున్న కూలీ పాదం పోయింది. ఆ రోజు నాన్న అన్నం ముట్టలేదు. ఆ మర్నాటి నుంచి ఆయన గ్యాంగు ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఏ మనిషితో ఓడ మొదలుపెడితే ఆ మనిషితోనే ఖాళీ చెయ్యాలి, మధ్యలో పని ఆపినా పర్లేదు, మనిషిని మార్చకూడదు. పై అధికారులు తిట్టారు, జీతాలు కోశారు. గ్యాంగు వినలేదు. మా ఇంట్లో కూడా సగం ఓడలో నేను నీళ్ళు తాగడానికి లేస్తే, అమ్మ నా కంట్రోలరు పట్టుకోవడానికి వీల్లేదు. నేను తిరిగొచ్చేదాకా కొక్కేనికి సరుకు వేలాడుతూనే ఉండేది.

నాన్న రిటైరయ్యాక మతిమరుపు మొదలైంది. మొదట తాళాలు, తర్వాత వీధులు, ఆ తర్వాత నేను. నేను బట్టలు సరిచేసే దుకాణం నడుపుతాను, ఇంటి ముందు గదిలోనే. కొత్తవి కుట్టను. ఒళ్ళు చేసినవాళ్ళకి వదులు చెయ్యడం, చిక్కినవాళ్ళకి బిగించడం, అన్న చొక్కా తమ్ముడికి కుదిర్చడం, ఇదీ నా బతుకుతెరువు. ఒకరోజు చిరిగిన పాత దుప్పటి కోసం అటక మీద వెతుకుతుంటే ఆ గేమ్ పెట్టె దొరికింది. పాత సామానువాడికి వేసెయ్యమంది అమ్మ. దుమ్ము దులుపుతుంటే నాన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. తీగల వంక చూశాడు. "లివర్లు ఇటివ్వు" అన్నాడు, క్రేను క్యాబిన్లో తిప్పే పిడులని అడిగినట్టు. టీవీకి తగిలించి ఇచ్చాను. ఆయన చేతులు అన్నీ గుర్తుపెట్టుకున్నాయి. ఓడ వచ్చి ఆగాక చుట్టూ చూసి, "పడవ ఏది? అది రాకుండా ఎలా మొదలెడతాం?" అని చిరాకుపడ్డాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "వచ్చావా పడవా" అన్నాడు.

ఆ రోజు ఓడ ఖాళీ అయ్యాక వంటింట్లోకి వెళ్ళి కరువుతీరా ఏడ్చాను. జిగురు మరకలకి ఏళ్ళ తరబడి సణిగిన మా అమ్మే అట్టముక్క కత్తిరించి, జిగురు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

అప్పట్నుంచి మధ్యాహ్నం పూట దుకాణం మూసి ఒక ఓడ దించేవాళ్ళం. సగం ఓడ అయ్యాక నేను మందు బిళ్ళ, గ్లాసు అందించేదాన్ని. "ఎత్తు" అంటే గ్లాసెత్తేవాడు, "దించు" అంటే మింగి దించేవాడు. డాక్టరు బతిమాలినా నోరు తెరవని మనిషి పడవ మాటకి తెరిచేవాడు. షిఫ్టు ముగిసిందని అక్షరాలు పడగానే కంట్రోలరు కింద పెట్టేవాడు. కాసేపటికి మళ్ళీ నా వైపు తిరిగి, "ఎవరి కోసమమ్మా?" అనేవాడు. అయినా నాకు బాధ ఉండేది కాదు. రేపు మళ్ళీ ఓడ వస్తుందన్న ధైర్యం.

పెట్టెకి మాత్రం వయసైపోయింది. మొదట గరగరమని చప్పుడు. తర్వాత కొక్కెం గాలిలో ఉండగా తెర బిగుసుకుపోవడం. పెట్టెని బోర్లా తిరగేస్తే కొన్నాళ్ళు నడిచింది. ఆ తర్వాత గోడకి ఏటవాలుగా చేరేస్తే నడిచింది. వీధి చివర ఒక రిపేరు కొట్టు ఉంది. ఆయన ఎప్పుడూ పెదాల మధ్య ఒక స్క్రూ పెట్టుకునే మాట్లాడతాడు కాబట్టి అందరూ స్క్రూల బాబాయి అంటారు. డిస్కుని చదివే కన్ను పోయిందన్నాడు. అలాంటి కళ్ళు ఇప్పుడు ఎవరూ తయారుచెయ్యరు, చచ్చిన పెట్టెల్లోంచి తీసి పెట్టాల్సిందే. తన దగ్గరున్న చచ్చిన పెట్టెలన్నీ విప్పి ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశాడు. చివరిది కూడా గుడ్డిదైపోయాక, స్క్రూ నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఆ మనిషి స్క్రూ తీశాడంటే ఆశ లేనట్టే.

అప్పుడే చెప్పాడు, ఈ కంపెనీ దీని తర్వాత తెచ్చిన పెట్టెలో పాత పెట్టె గుండెకాయని కూడా లోపల పెట్టిందని. పాత డిస్కు వేస్తే పాత పెట్టెలాగే ఆడేదట. కొన్నాళ్ళకి ఖర్చు తగ్గించుకోవాలని ఆ గుండెకాయ తీసేసి, అదే పైతొడుగుతో, అదే పేరుతో అమ్మారట.

"తీసేస్తే జనం అడగలేదా?" అన్నాను.

"అడిగారు తల్లీ. కొత్త ఆటలు చూపించారు. ఊరుకున్నారు."

కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా. నాకు ఒళ్ళు మండిపోయింది. మా పనిలో ఒక మర్యాద ఉంది. మంచి దర్జీ ఎవడైనా చొక్కా కుట్టేటప్పుడు కుట్టు లోపల రెండు వేళ్ళ బట్ట వదులుతాడు. పైకి కనిపించదు, అడిగినవాడూ ఉండడు. కానీ రేపు ఆ మనిషి లావైతే, ఆ చొక్కా ఇంకొకరికి వెళ్తే, నాలాంటిది కుట్టు విప్పి ఆ బట్టని బయటికి తీసుకుంటుంది. లోపల బట్ట వదలకుండా కత్తిరించినవాడు ఆ గుడ్డముక్కలతో బాగుపడిందీ లేదు, చొక్కా మాత్రం పనికిరాకుండా పోతుంది. అలాంటి చొక్కా నా దగ్గరికి వస్తే కుట్టినవాణ్ణి నాలుగు తిట్టి తిరిగి ఇచ్చేస్తాను. ఆ పెట్టెలు చేసినవాళ్ళకి లోపల బట్ట వదలడం తెలుసు. ఒకసారి వదిలారు కూడా. తెలిసి తెలిసి కత్తిరించేసుకున్నారు. ఏ ఇంట్లో ఏ ముసలాయన ఆ కుట్టు మీద ఆధారపడి బతుకుతున్నాడో వాళ్ళకేం తెలుసు? తెలిస్తే మాత్రం ఆగుతారా?

పాతదానికీ ఇప్పటిదానికీ మధ్య వచ్చిన ఆ నడిమి పెట్టె కోసం చెయ్యని ప్రయత్నం లేదు. చివరికి ఒకావిడ తన దగ్గర ఉందంది. పాత డిస్కులు ఆడుతుందా అంటే, ఎందుకాడదు, మా అబ్బాయి రోజూ ఆడేవాడంది. తెచ్చి ఇంట్లో తగిలించాను. నాన్న కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. డిస్కు తిరిగింది, తిరిగింది, తిరిగి తిరిగి బయటికొచ్చేసింది. ఈ డిస్కుని గుర్తించలేకపోతున్నామని తెర మీద అక్షరాలు పడ్డాయి. ఇంట్లో ఒకరు చాలక ఇది కూడానా అంది అమ్మ. స్క్రూల బాబాయి విప్పి చూసి, గుండెకాయ తీసేసిన రకమే ఇది అన్నాడు. ఆవిడ అబద్ధమాడలేదు. వాళ్ళబ్బాయి ఆడినవి వేరే డిస్కులు.

ఆట లేని ఆ రోజుల్లో నాన్న చూస్తుండగానే కిందకి జారిపోయాడు. పొద్దున్నే చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడేవాడు, షిఫ్టుకి బండి రాలేదేమని. మందు బిళ్ళ నోట్లో పెడితే ఉమ్మేసేవాడు. ఒకరోజు తెగించి, టీవీ ఆపేసి ఉండగానే అట్టముక్క అంటించి, చచ్చిన కంట్రోలరు ఆయన చేతిలో పెట్టి, అటువైపు కూర్చున్నాను. "ఎడమకి, ఇంకొంచెం, ఆపు, దించు" అన్నాను. ఆయన నల్లటి తెర వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఓడ లేకుండా ఏం దించమంటావమ్మా?" అన్నాడు, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు.

అలా ఉండగా స్క్రూల బాబాయి ఒక కబురు తెచ్చాడు. ఆ ఆటనే ఇప్పటి పెట్టె కోసం ఎవరో కొత్తగా తయారుచేశారట. అదే రేవు, అదే క్రేను. పేరు అదే గాని ఆట అదే అని నేను చెప్పలేను, ఆలోచించుకో అన్నాడు. మునిగిపోయేదానికి ఆలోచనేమిటి? కొత్త పెట్టె తెచ్చేశాను.

ఇంటికొచ్చి విప్పితే అందులో ఒకే కంట్రోలరు ఉంది. పాత పెట్టెతో రెండొచ్చేవి. మనిషి పక్కన ఇంకో మనిషి ఉంటాడని ఇప్పుడెవరూ అనుకోవడం లేదు కాబోలు. పాత కంట్రోలరు తగిలిద్దామంటే దాని తీగ కొత్త పెట్టె రంధ్రంలో దూరదు. రెండోది విడిగా కొనుక్కోవాలి, ఆ దుకాణం మర్నాడు గాని తెరవరు. నాన్న అప్పటికే కుర్చీలో కూర్చుని, చేతులు చాచి, "లివర్లు, లివర్లు" అంటున్నాడు. ఒకరు ఆడతారా, ఇద్దరు ఆడతారా అని తెర అడిగింది. ఒకరైతే పడవ సంగతి పెట్టె తనే చూసుకుంటుందట. ఈ ఒక్క రోజుకే కదా అనుకున్నాను. ఒకరు అని నొక్కాను.

తెర నిండా సముద్రం వచ్చింది. అట్టముక్క పెట్టడానికి మధ్యలో గీతే లేదు. నీళ్ళు నిజం నీళ్ళలాగే మెరుస్తున్నాయి. అప్పుడు ఒక అమ్మాయి గొంతు వినిపించింది, మన మాటల్లోనే, తియ్యగా. "ఆపరేటరు గారూ, పడవ సిద్ధంగా ఉంది."

నాన్న తల పక్కకి వాల్చి విన్నాడు.

"ఎడమకి. ఇంకొంచెం. ఆపండి. దించండి."

అవి నా మాటలు. నాలా గొంతు చించుకోకుండా, కంగారు లేకుండా, ఒక్కసారి కూడా తప్పు చెప్పకుండా ఆ గొంతు నా మాటలన్నీ చెప్పేస్తోంది. నాన్న ఆ గొంతు చెప్పినట్టే దించాడు. సరుకు పడవలో మెత్తగా కూర్చుంది. "శభాష్ పడవా" అన్నాడు. నేను గ్లాసు పట్టుకుని వెనక నిలబడి ఉన్నాను. నన్నే అన్నాడనుకుని, "ఊఁ నాన్నా" అన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు.

ఆ రోజు నాకు ఇందులో తప్పేమీ తోచలేదు, నిజం చెబుతున్నాను. సంతోషంగానే ఉన్నాను. ఆయన మొహంలో మళ్ళీ మనిషి కనిపించాడు, అది చాలనుకున్నాను.

మర్నాడు రెండో కంట్రోలరు తెచ్చి తగిలించి, ఇద్దరు అని నొక్కి ఆయన పక్కన కూర్చున్నాను. ఓడ నిన్న వదిలిన చోటే ఆగి ఉంది, సగం సరుకుతో. గొంతు రాలేదు. నేనే అందుకున్నాను. "కుడికి, ఇంకొంచెం." నాన్న లివర్ల మీంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మళ్ళీ చెప్పాను. నా వైపు తిరిగాడు. కోపం లేదు. కొత్తగా పనిలో చేరిన మనిషితో పెద్ద ఆపరేటరు మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఓడలో సరుకుండగా మనిషిని మార్చకూడదమ్మా. ఒకసారి మార్చాం. ఒకడి పాదం పోయింది. ఇది ఖాళీ అవ్వనీ. అప్పుడు నువ్వు రా."

నా పేరు మర్చిపోయాడు, నా మొహం మర్చిపోయాడు, ఆ కట్టుబాటు మాత్రం మర్చిపోలేదు. సరే, తప్పేముంది అనుకున్నాను. ఓడన్నాక ఖాళీ కాక తప్పదు. మళ్ళీ ఒకరు అని నొక్కి, పక్కన కూర్చుని ఎదురుచూశాను. ఆ గొంతు చెబుతుంటే నాన్న దించుతూనే ఉన్నాడు. ఓడలో సరుకు తగ్గుతోంది. అడుగు కనిపిస్తోంది. కంట్రోలరు ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఇంకొక్క పెట్టె మిగిలి ఉండగా, వెనకనుంచి ఇంకో ఓడ వచ్చి మొదటిదానికి ఆనుకుంది. కొత్త ఓడ సరుకు దీని మీదకి ఎక్కించారు. "చాలా బాగా చేస్తున్నారు ఆపరేటరు గారూ, సరుకు వస్తూనే ఉంది" అంది గొంతు. నాన్న ముందుకి వంగి కొక్కెం తిప్పాడు.

షిఫ్టు ముగిసిందనే అక్షరాలు ఈ ఆటలో ఉన్నాయా అని స్క్రూల బాబాయిని అడిగాను. లేవన్నాడు. ఆట ముగిస్తే మనిషి లేచి వెళ్ళిపోతాడని భయం తల్లీ, ఇప్పుడు ఏ ఆటా ముగియదు అన్నాడు.

నేను ఊరుకోలేదు. ఆట మొదటి నుంచి పెట్టి, ఇంకా ముట్టని ఓడ తెప్పించాను. అప్పటికే ఆ గొంతు ఆయనకి పడవైపోయింది. ఇద్దరు అని పెడితే చేతులు ఒళ్ళోకి పోయేవి. ఒకరోజు ఆట అలాగే ఉంచి, గొంతు మాత్రం ఆపేసి, దాని మాటలు నేనే చెబుదామని చూశాను. ఎంత మెత్తగా వీలైతే అంత మెత్తగా చెప్పాను. అండీ అని కూడా అన్నాను, కన్నతండ్రిని. ఆయన వినిపించుకోలేదు. కొక్కేనికి సరుకు వేలాడదీసి ఆపాడు. చెవి రిక్కించాడు. లేచి టీవీ దగ్గరికి వెళ్ళి, వంగి, దాని కిందకి చూశాడు.

"పడవకేమైంది? పలకదేం? కింద ఎవరన్నా పడ్డారా?" అన్నాడు. "నేనేం దించలేదు. చెప్పకుండా నేనేం దించలేదు" అని ఏడవడం మొదలుపెట్టాడు.

పరుగున వెళ్ళి గొంతు మళ్ళీ పెట్టేశాను. "ఎడమకి" అంది అది. నాన్న కళ్ళు తుడుచుకుని, "ఉన్నావా పడవా, భయపెట్టావే" అని నవ్వాడు. ఆయన అంత నిండుగా నవ్వడం నేను చూసి చాలా కాలమైంది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఇప్పుడాయన ఒక గంట కాదు, పొద్దస్తమానం బాగుంటాడు. షిఫ్టు బండి కోసం గుమ్మంలో నిలబడడు. చాలాసేపు ఆడితే, కాస్త విశ్రాంతి తీసుకోండి ఆపరేటరు గారూ అని ఆ గొంతే చెబుతుంది. ఆ మాట వినగానే క్యాంటీన్ అక్క పెట్టింది తింటాడు, ఇచ్చిన బిళ్ళ మింగుతాడు. డాక్టరు కూడా చూసి మెచ్చుకున్నాడు, మంచి పని చేశావమ్మా అని. మంచి పనే చేశాను. కూతురిగా ఆయనకి నేను చెయ్యగలిగింది అంతా చేశాను, కూతురు ఉండనవసరం లేకుండా చేశాను.

ఒకరోజు వంటింట్లో అమ్మ మీద విరుచుకుపడ్డాను, ఆ పెట్టెని తీసుకెళ్ళి రోడ్డు మీద పగలగొడతానని. అమ్మ గిన్నె తోముతూనే ఉంది.

"నన్ను క్యాంటీన్ అక్కని చేశాడు. నేను ఆయన్ని తినడం మానమన్నానా?" అంది. గిన్నె బోర్లించి, "నీకు ఇన్నాళ్ళూ గంటన్నా దొరికింది" అంది. ఆ మాట తర్వాత మేమిద్దరం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పాత పెట్టెని మాత్రం అటక ఎక్కించలేదు. దుకాణంలో కుట్టుమిషన్ పక్కనే ఉంది. ఎవరైనా నడిమి పెట్టె, గుండెకాయ ఉన్న రకం, అమ్ముతారేమోనని ఇంకా అడుగుతూనే ఉంటాను. దొరికినా ఏం లాభం అన్నది నాకు తెలుసు. ఆయన చెవికి ఇప్పుడు ఆ తియ్యటి గొంతు తప్ప ఇంకోటి పడవ కాదు. అయినా నోరు ఊరుకోదు. బట్టలు తెచ్చినవాళ్ళు నన్నోరకంగా చూస్తారు.

మధ్యాహ్నం మాత్రం అలవాటు ప్రకారం దుకాణం మూసి లోపలికి వెళ్తాను. నాన్నకి కుడివైపు, వెనకటికి అట్టముక్కకి అవతల ఉండే చోట, స్టూలు వేసుకుని కూర్చుంటాను. దేనికీ తగిలించని రెండో కంట్రోలరు నా ఒళ్ళో ఉంటుంది. నిన్న కూర్చోబోతుంటే నాన్న తెర మీంచి చూపు మళ్ళించి నన్ను చూశాడు.

"ఎవరి కోసమమ్మా?" అన్నాడు.

"పడవ కోసం" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. తనవాళ్ళని ఎవరైనా అడుగుతూ వస్తే పెద్దవాళ్ళకి కలిగే సంతోషం అది. గడ్డంతో తెర వైపు చూపించాడు.

"అదిగో, పని మీదుంది. మా అమ్మాయే. ఓడ ఖాళీ అయ్యాక మాట్లాడుదువు గాని, కూర్చో."

కూర్చున్నాను. వెనక ఇంకో ఓడ వస్తోంది.